బ్యాక్‌గామన్ ఆడటానికే ఒక యంత్రం కావాలని వెతికితే

నాకు కావాల్సింది ఒక్కటే: బ్యాక్‌గామన్ తప్ప ఇంకేమీ చేయని యంత్రం. ఆన్ చేస్తే బోర్డు కనిపించాలి, ఆట అయ్యాక ఆఫ్ చేసి పక్కన పెట్టేయాలి. మధ్యలో మెసేజ్ రాకూడదు, ప్రకటన రాకూడదు. చదరంగానికి ఇలాంటివి ఎప్పటినుంచో ఉన్నాయి, దీనికి మాత్రం ఎందుకుండవు అనుకుని వెతకడం మొదలుపెట్టాను. అది అనుకున్నంత సులువు కాలేదు. ఇదే పనిలో ఉన్నవాళ్ళకి ఉపయోగపడుతుందని నా అనుభవం రాస్తున్నాను.

నాతో ఎప్పుడూ ఆడే స్నేహితుడు ఉద్యోగం మారి దూరం వెళ్ళిపోయాడు. యంత్రం సంగతి చెబితే, "ఫోన్లో బోలెడు యాప్‌లున్నాయి కదరా, మళ్ళీ ఇంకో డబ్బా ఎందుకు?" అన్నాడు. వాడన్నది నిజమే. ఎక్స్‌ట్రీమ్ గామన్ అనే గట్టి బ్యాక్‌గామన్ ప్రోగ్రామ్ ఫోన్లోనే దొరుకుతుంది, దాని ఆటకి వంక పెట్టే స్థాయి నాది కాదు. కానీ ఫోన్లో ఆడుతుంటే ఆట పరుగు పెడుతుంది. వేలు తాకితే పాచికలు పడిపోతాయి, ఇంకోసారి తాకితే కాయ వెళ్ళిపోతుంది. ఇంకా ఎన్ని గడులు నడవాలి, అవతలివాళ్ళకి ఎన్ని మిగిలాయి అని లెక్కపెట్టుకునే తీరిక ఉండదు. అదే బోర్డు ముందు కూర్చుంటే చేయి కాయ మీదికి వెళ్ళేలోపు మనసు నాలుగు దారులు చూసుకుంటుంది. ఆ నిదానం నాకు కావాలి. ఆట నేర్చుకునేది అక్కడే అని నా నమ్మకం.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. బోర్డు మీద 24 పాయింట్లు (కాయలు నిలిపే సన్నటి త్రికోణాలు), ఒక్కొక్కరికి 15 కాయలు, రెండు పాచికలు. అన్ని కాయలనీ మన ఇంటి భాగంలోకి చేర్చి, ముందుగా బయటికి తీసేసినవాళ్ళు గెలిచినట్టు. మొదటి అమరికలో ఒక్కొక్కరు నడవాల్సిన దూరం మొత్తం 167 గడులు. దారిలో ఎదుటివాళ్ళ ఒంటికాయ దొరికితే కొట్టొచ్చు, అది బోర్డు మధ్యలోని బార్ మీదికి వెళ్ళి మళ్ళీ మొదటినుంచి రావాలి. వీటికి తోడు డబ్లింగ్ క్యూబ్ ఉంటుంది. 2, 4, 8, 16, 32, 64 అని ఆరు ముఖాల మీదా అంకెలున్న ఘనం అది. నాదే పైచేయి అనిపించినప్పుడు, నా వంతులో పాచికలు వేయకముందే, పందెం రెట్టింపు చేస్తానని దాన్ని ముందుకు తోస్తాను. ఎదుటివాళ్ళు ఒప్పుకుని ఆడాలి, లేదా అక్కడితో ఓడిపోయినట్టు వదిలేయాలి.

ఈ క్యూబ్ 1920లలో న్యూయార్క్ క్లబ్బుల్లో మొదలైంది. ఆటకి ప్రాణం పోసింది ఇదేనని నేనంటాను. ఎందుకో చిన్న లెక్కలో చూడండి. నన్ను రెట్టింపు అడిగారు, నాకు గెలిచే అవకాశం సరిగ్గా 25 శాతం ఉంది అనుకుందాం. వదిలేస్తే ప్రతిసారీ స్కోరులో 1 పాయింటు పోతుంది, నాలుగుసార్లకి 4. ఒప్పుకుని ఆడితే ఆ నాలుగింటిలో మూడు ఓడి 6 పోగొట్టుకుంటాను, ఒకటి గెలిచి 2 తెచ్చుకుంటాను. ఎటు చూసినా నష్టం 4. అంటే నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ అవకాశం ఉంటే చాలు, ఓడిపోతున్న ఆటనైనా ఒప్పుకుని ఆడటమే సరైనది. ఒప్పుకున్నాక క్యూబ్ మన చేతికి వస్తుంది, మళ్ళీ తిప్పే హక్కు మనదే అవుతుంది కాబట్టి నిజానికి అంతకంటే కాస్త తక్కువున్నా సరిపోతుంది. ఒక్క కాయ కూడా బయటికి తీయకముందే ఓడితే గామన్, పైగా అప్పటికి మన కాయ ఇంకా బార్ మీదో ఎదుటివాళ్ళ ఇంట్లోనో ఉంటే బ్యాక్‌గామన్; వాటికి రెండింతలు, మూడింతలు పోతుంది కాబట్టి అవి దగ్గర్లో ఉంటే లెక్క మళ్ళీ మారుతుంది. ఇలాంటి నిర్ణయం ప్రతి ఆటలో ఒకటో రెండో వస్తాయి. అందుకే క్యూబ్ లేని యంత్రం నా జాబితాలోకే రాదు.

మొదట పాత యంత్రాల మీదికి పోయాను. 1970ల చివర్లో బ్యాక్‌గామన్‌కంటూ విడి యంత్రాలు నిజంగానే వచ్చాయి. ఫిడెలిటీ సంస్థ బ్యాక్‌గామన్ ఛాలెంజర్ తెచ్చింది, మాటెల్ తెచ్చింది, గామన్‌మాస్టర్ పేరుతో ట్రయోమ్ తెచ్చింది. తర్వాతి రోజుల్లో సైటెక్, ఎక్స్‌కాలిబర్ సంస్థలు చేతిలో పట్టే ఎల్‌సీడీ యంత్రాలు చేశాయి. ఇవి ఇప్పుడు ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌గానే కనిపిస్తాయి. ఫొటోలు చూస్తే ముచ్చటేస్తుంది. కానీ వాటి ఆట ఎంత బలంగా ఉంటుందో తెలియాలంటే కంప్యూటర్లు ఈ ఆట ఎలా నేర్చుకున్నాయో కాస్త చూడాలి.

1979 జులైలో మాంటెకార్లోలో ఒక విశేషం జరిగింది. అప్పుడే ప్రపంచ ఛాంపియన్ అయిన లూయిజీ విల్లాను, హాన్స్ బెర్లినర్ రాసిన బీకేజీ 9.8 ప్రోగ్రామ్ 7-1 తేడాతో ఓడించింది. మేధస్సు కావాల్సిన బోర్డు ఆటలో ప్రపంచ ఛాంపియన్ కంప్యూటర్ చేతిలో ఓడటం అదే మొదలు. అక్కడ బోర్డు ముందున్నది గామనాయిడ్ అనే రోబో అయినా, ఆలోచించిన కంప్యూటర్ మాత్రం సముద్రానికి అవతల అమెరికాలో ఉంది. ఆ తర్వాత ఎత్తులన్నీ పరిశీలించి, విల్లా ఆటే మెరుగ్గా ఉందనీ పాచికలు తన ప్రోగ్రామ్‌కి కలిసొచ్చాయనీ బెర్లినర్ నిజాయితీగా రాశారు. గది నిండే కంప్యూటర్ పరిస్థితే అది అయితే, బ్యాటరీలతో నడిచే ఆనాటి చిన్న యంత్రం ఎంతని ఆలోచిస్తుంది?

ఇబ్బంది పాచికల దగ్గరే ఉంది. రెండు పాచికలు కలిపి పడే తీరులు 36. ముందువెనకలు వదిలేస్తే 21 రకాలు. ఒక్కొక్క రకానికీ ఆడదగిన ఎత్తులు సగటున ఇరవై దాకా ఉంటాయి. ఒక్క అడుగు ముందుకి చూడాలంటేనే వందల దారులు, రెండడుగులంటే లక్షకి పైగా. చదరంగంలోలాగా లోతుగా వెతికి గెలవడం ఇక్కడ కుదరదు. బోర్డు వంక చూడగానే ఎవరిది పైచేయో, ఎంత పైచేయో పసిగట్టే దృష్టి కావాలి. ఆ దృష్టిని యంత్రానికి తెచ్చినవారు ఐబీఎంలో పనిచేసిన జెరాల్డ్ టెసౌరో. 1990ల మొదట్లో ఆయన చేసిన టీడీ-గామన్ అనే న్యూరల్ నెట్‌వర్క్ తనతో తానే లక్షల ఆటలు ఆడుకుని నేర్చుకుంది. పాచికల్లో 2-1 పడినప్పుడు మొదటి ఎత్తు ఎలా వేయాలనే దాంట్లో అప్పటిదాకా నిపుణులకున్న అలవాటునే మార్చేసింది. దాని తర్వాత జెల్లీఫిష్, స్నోయీ, జీఎన్‌యూ బ్యాక్‌గామన్, ఎక్స్‌ట్రీమ్ గామన్ ప్రోగ్రాములన్నీ ఆ బాటలోనే వచ్చాయి. అంతకుముందు తయారైన యంత్రం ఎంత అందంగా ఉన్నా ఆట మాత్రం పాతకాలపుదే.

ఈ లెక్క తెలిసినా, చేత్తో పట్టుకుని చూడందే మనసు ఊరుకోదు. తెలిసినవాళ్ళ దగ్గరున్న ఎల్‌సీడీ యంత్రం ఒకటి కొన్నాళ్ళు అడిగి తెచ్చుకున్నాను. తెరమీద ప్రతి పాయింట్ దగ్గరా కాయల ఆకారాలు ముందే అచ్చువేసినట్టు ఉంటాయి, అవసరమైనవి మాత్రం నల్లగా తేలతాయి. ఎదురుగా కాంతి ఉంటే తెల్లకాయా నల్లకాయా తేడా తెలియదు, కాస్త వంచి పట్టుకోవాలి. కాయ జరపాలంటే బాణం గుర్తున్న బటన్ని ఒక్కొక్క పాయింట్ దాటేవరకూ నొక్కుతూ పోవాలి. అవతలి కొసనున్న కాయని తేవాలంటే ఎన్ని నొక్కులో! ఆ నొక్కుల ధ్యాసలో ఆట మీద ధ్యాస పోతుంది.

దాన్ని కూర్చోబెట్టి పరీక్షించాను. ఈ పరీక్షలు ఏ యంత్రానికైనా ఏ యాప్‌కైనా పనికొస్తాయి, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మొదటి ఎత్తులో 3-1 పడితే ఎనిమిదో పాయింట్ నుంచి ఒక కాయ, ఆరో పాయింట్ నుంచి ఒకటి తెచ్చి ఐదో పాయింట్ కట్టాలి, అంటే రెండు కాయలు నిలిపి ఎదుటివాళ్ళు దిగకుండా చేయాలి. ఇందులో ఎవరికీ రెండో అభిప్రాయం లేదు. 6-1 పడితే బార్ పాయింట్, అంటే ఏడోది; 4-2 పడితే నాలుగో పాయింట్. ఇవి తప్పితే యంత్రాన్ని పక్కన పెట్టేయొచ్చు. నేను తెచ్చింది వీటిలో నెగ్గింది. తర్వాత నియమాల పరీక్ష. రెండు అంకెల్లో ఏదైనా ఆడొచ్చు గానీ రెండూ ఆడటానికి వీల్లేని పరిస్థితి ఒకటి వస్తుంది. అప్పుడు పెద్ద అంకెనే ఆడాలి. నాకు 6-4 పడి అలాంటి పరిస్థితి వచ్చినప్పుడు నాలుగు ఆడబోతే అది మారుమాట లేకుండా ఒప్పేసుకుంది. అక్కడే నాకు నమ్మకం సడలింది. మూడోది క్యూబ్. ఉంది కానీ దానికి వాడటం రాదు. నా కాయలు ఇంకా సగం దారిలో ఉంటే, తను బయటికి తీయడం మొదలుపెట్టాక రెట్టింపు అడుగుతుంది. నేను వెంటనే వదిలేస్తాను, అది గామన్ గెలిచే అవకాశాన్ని కూడా చేజార్చుకుంటుంది. అలాంటి ప్రత్యర్థితో ఆడితే మన క్యూబ్ నిర్ణయాలు కూడా పాడైపోతాయి. దాన్ని జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాను.

చదరంగంలో ఉన్నట్టు కాయల కదలికని తనే కనిపెట్టే బోర్డు ఉంటే ఎంత బాగుంటుందో అని చాలాసేపు ఆలోచించాను. చదరంగంలో ఒక గడిలో ఒకటే పావు. అది ఉందా లేదా తెలిస్తే చాలు. బ్యాక్‌గామన్‌లో ఒక పాయింట్ మీద కాయలు ఎన్నైనా పేరుకోవచ్చు, ఐదు దాటితే ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తాం. బార్ మీదివి, బయటికి తీసినవి కూడా లెక్కలోకి రావాలి. ఉందా లేదా అన్నది చాలదు, ఎన్ని ఉన్నాయో ఎవరివో తెలియాలి. దానికితోడు పాచికలు కూడా చదవాలి. మామూలుగా కొనదగిన వస్తువుగా నాకలాంటిది ఎక్కడా దొరకలేదు.

ఇక పాచికల గొడవ. కంప్యూటర్‌తో ఆడేవాళ్ళలో సగంమంది నోట వినే మాట, "అది పాచికల్లో మోసం చేస్తోంది" అని. ఆ అనుమానాన్ని నేను తేలిగ్గా తీసేయను, ఎందుకంటే లోపల ఏం జరుగుతోందో కళ్ళకి కనపడదు. కానీ చాలాసార్లు అది మోసం కాదు, లెక్క. ఎదుటికాయకి ఆరు గడుల దూరంలో మన ఒంటికాయ ఉంటే, దారిలో అడ్డం లేకపోతే, 36లో 17 తీరులు దాన్ని కొడతాయి. ఒక్క గడి వెనక్కి, ఏడు గడుల దూరంలో ఉంచితే 6 తీరులే. గట్టిగా ఆడే ప్రోగ్రామ్ తన ఒంటికాయని ఏడు దగ్గర ఉంచుతుంది, మన ఒంటికాయని ఆరు దగ్గర చిక్కించుకుంటుంది. పైగా ఏది పడ్డా మంచి ఎత్తు దొరికేలా కాయల్ని పరుచుకుంటుంది. మనకేమో దానికి ఎప్పుడూ కావాల్సిందే పడుతోందనిపిస్తుంది. ఇదంతా తెలిసి కూడా, ఓడిన ప్రతిసారీ మనసులో ఆ ముల్లు మిగలకూడదంటే దారి ఒకటే: పాచికలు మన చేతిలో ఉండాలి.

అప్పుడే వెతుకులాట దిశ మారింది. నేను ఇన్నాళ్ళూ ఒకే డబ్బాలో మూడు వెతుకుతున్నాను: బోర్డు, పాచికలు, ప్రత్యర్థి. మొదటి రెండూ నా దగ్గర ఉన్నాయి. తోలు పరిచిన బోర్డు, బరువైన కాయలు, గుండ్రటి మూలలున్న పాచికలు. వాటిని మించిన తెర నాకు దొరకదు. లేనిది ప్రత్యర్థి ఒక్కటే. కాబట్టి ఎత్తు చెప్పే యంత్రం చాలు, బొమ్మ చూపించే యంత్రం అక్కర్లేదు.

ఆ పనికి జీఎన్‌యూ బ్యాక్‌గామన్ సరిగ్గా సరిపోయింది. ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది, ఆట ప్రపంచస్థాయిలో ఉంటుంది. డెబియన్ లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాకేజీల్లో ఉంది కాబట్టి రాస్ప్‌బెర్రీ పై అనే, అరచేతిలో పట్టే కంప్యూటర్ మీద కూడా ఎక్కుతుంది. కిటికీలూ బొమ్మలూ లేకుండా ఉత్త అక్షరాలతో నడిచే పద్ధతి కూడా దానిలో ఉంది. ఒక రాస్ప్‌బెర్రీ పై, చిన్న తెర, అంకెలు మాత్రమే ఉన్న కీప్యాడ్, ఫోన్లకి వాడే పవర్ బ్యాంక్. ఇవన్నీ ఒక పెట్టెలో బిగించాను. కరెంటు రాగానే ప్రోగ్రామ్ తనంతట తాను మొదలయ్యేలా పెట్టాను, వైఫై ఆపేశాను. ఇప్పుడది బ్యాక్‌గామన్ తప్ప ఇంకేమీ చేయదు.

అసలు కీలకం ఒక ఆదేశంలో ఉంది. 'సెట్ ఆర్‌ఎన్‌జీ మాన్యువల్' అంటే పాచికలు అది వేయదు, ఏం పడిందో మనల్ని అడుగుతుంది. నా వంతుకీ నేనే వేస్తాను, దాని వంతుకీ నేనే వేస్తాను, రెండంకెలు నొక్కుతాను. దాని ఎత్తు తెరమీద వస్తుంది, బోర్డు మీద దాని కాయల్ని నేను జరుపుతాను. నా ఎత్తు చెప్పడానికి కూడా అంకెలు చాలు: ఎనిమిది, ఐదు, ఆరు, ఐదు అని వరుసగా కొడితే ఎనిమిది నుంచి ఒకటి, ఆరు నుంచి ఒకటి ఐదుకి తెచ్చానని అర్థం చేసుకుంటుంది. అలవాటు పడాల్సింది ఒకటుంది. ప్రతి ఆటగాడి పాయింట్ల లెక్క వాళ్ళ వైపునుంచే మొదలవుతుంది. అది ఎనిమిది అంటే దాని ఎనిమిది, నా వైపునుంచి చూస్తే పదిహేడు. 25లోంచి తీసేస్తే సరి. కొద్ది ఆటల్లోనే చేతికి వచ్చేసింది. ఇంకో మేలు కూడా జరిగింది, ఎదుటివాళ్ళ కళ్ళతో బోర్డు చూడటం తెలిసింది.

స్థాయి విషయంలో ఒక సలహా. ఇందులో బిగినర్ నుంచి గ్రాండ్‌మాస్టర్ దాకా స్థాయిలుంటాయి. ఎక్స్‌పర్ట్ అంటే ముందుకి చూడకుండా బోర్డుని ఒక్క చూపులో అంచనా వేసి ఆడటం, వరల్డ్ క్లాస్ అంటే రెండు అడుగులు ముందుకి చూడటం. ఎక్స్‌పర్ట్ కింద ఉన్నవన్నీ అదే మెదడుకి కావాలని కొంత గందరగోళం కలిపినవి. మనిషి చేసే తప్పులకి ఒక తీరు ఉంటుంది, దీని తప్పులకి ఉండదు. ఒక ఎత్తు అద్భుతంగా, మరొకటి అర్థంపర్థం లేకుండా వస్తుంది. దానితో నేర్చుకునేది తక్కువ. ఓడిపోతూనే ఉన్నా సరే, ఎక్స్‌పర్ట్‌తోనే ఆడమంటాను. చిన్న కంప్యూటర్ మీద కూడా ఆ స్థాయిలో జవాబు రెప్పపాటులో వస్తుంది. పాచికల ఆట కాబట్టి అప్పుడప్పుడు మనమూ గెలుస్తాం, చదరంగం యంత్రం ఎప్పటికీ ఇవ్వని ఆనందం అది.

క్యూబ్ నా బోర్డు మీదే ఉంటుంది. అది రెట్టింపు అడిగితే తెరమీద కనిపిస్తుంది, నేను ఘనాన్ని నా ముందుకి తిప్పిపెట్టి ఆలోచిస్తాను. పైన చెప్పిన 25 శాతం లెక్క అప్పుడు పుస్తకంలో మాట కాదు, ఎదురుగా కూర్చుని జవాబు అడుగుతుంది. ఏడు పాయింట్ల మ్యాచ్ పెట్టుకుంటే క్రాఫర్డ్ నియమం కూడా అదే చూసుకుంటుంది. అంటే ఒకరు గెలుపుకి ఒక్క పాయింట్ దూరంలోకి వచ్చిన తర్వాతి ఒక్క ఆటలో క్యూబ్ వాడకూడదన్నమాట.

మ్యాచ్ అయ్యాక విశ్లేషణ అడుగుతాను. సరదాగా ఆడుతున్నప్పుడు ఏ యంత్రమూ, ఏ యాపూ నాకు ఇవ్వనిది ఇక్కడ దొరికింది. ప్రతి ఎత్తునీ తూచి, ఎక్కడ ఎంత నష్టపోయానో చెప్పడమే కాదు, పాచికలు ఎవరికి ఎంత కలిసొచ్చాయో విడిగా లెక్క కడుతుంది. ఎత్తుల తప్పులు ఒక వైపు, అదృష్టం ఒక వైపు. గెలిచిన మ్యాచ్‌లో నా ఆట బాగాలేదని తెలిసిన రోజులున్నాయి, ఓడినా దాదాపు సరిగ్గానే ఆడానని తెలిసిన రోజులూ ఉన్నాయి. నేను ఎక్కువగా నష్టపోతున్నది కాయల నడకలో కాదు, రెట్టింపు అడగడం ఆలస్యం చేయడంలో అని ఈ విశ్లేషణే పట్టి చూపించింది. ఇప్పుడు ఎత్తు ఎత్తుకీ ముందు "ఇప్పుడు అడిగితే వదిలేస్తారా, ఒప్పుకుంటారా" అని నన్ను నేను అడుగుతున్నాను.

ఇబ్బందులు లేవని కాదు. ఎత్తులన్నీ నేనే జరపాలి కాబట్టి బోర్డూ తెరా ఒకటిగా ఉన్నాయో లేదో అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. అక్షరాలతో గీసిన బోర్డు తెరమీద వస్తుంది కాబట్టి అది కష్టం కాదు. ప్రయాణంలో ఈ ఏర్పాటు పనికిరాదు, బల్ల కావాలి. లైనక్స్ ఆదేశాలంటే బొత్తిగా పడనివాళ్ళకి ఇది చెప్పను. వాళ్ళు పాత టాబ్లెట్ ఒకటి తీసుకుని, మిగతావన్నీ తీసేసి, మంచి బ్యాక్‌గామన్ యాప్ ఒక్కటే ఉంచి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేస్తే కావాల్సిన దాంట్లో ముప్పాతిక వంతు దొరికినట్టే. పాత ఎల్‌సీడీ యంత్రం కొనాలనుకునేవాళ్ళు మాత్రం కొనేముందు 3-1 వేయించి చూడండి, పెద్ద అంకె నియమం పరీక్షించండి, బ్యాటరీ పెట్టే చోట తెల్లటి పొడి పేరుకుందేమో మూత తీసి చూడండి.

నా స్నేహితుడికి ఈ సంగతంతా చెబితే, వాడి దగ్గర బోర్డు ఉంది గనక అలాంటి పెట్టె ఇంకోటి చేసి పెట్టమన్నాడు. ఈసారి కీప్యాడ్‌లో రెట్టింపు అడగడానికీ, ఒప్పుకోవడానికీ, వదిలేయడానికీ మూడు బటన్లు విడిగా పెడుతున్నాను. తెర కూడా కాస్త పెద్దది తీసుకున్నాను.